మా వంటింటి తలుపు బైటికి తెరుచుకున్న రోజు

"ఇల్లు కట్టి చూడు" అన్న పెద్దలు "కట్టాక తలుపు తీసి చూడు" అని కూడా అని ఉంటే నా పరువు దక్కేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో అనకాపల్లిలో నేను కట్టించిన ఇల్లు, గృహప్రవేశం నాడే మా అత్తగారిని మింగేసింది. ఎలాగో చెబుతాను. నవ్వడానికి అప్పుడే తొందరపడకండి.

అప్పటికి నాకు పాతికేళ్లు. తెలివి మాత్రం నలుగురికి సరిపడా ఉందని నమ్మకం. మేస్త్రీ, వడ్రంగీ కలిస్తే ఇంటాయన మునిగినట్టేనని ఎవరో అన్నారు. ఇంకేం, గోడలు కట్టే అప్పలస్వామినీ, తలుపులు చేసే సూరయ్యనూ విడివిడిగా పిలిచి కట్టడి చేశాను. "పని సంగతి మీలో మీరు మాట్లాడుకోకూడదు. ఏదైనా నాతోనే!"

అలా ఇద్దరి మధ్యా రాయబారం నాది.

ఒకనాడు అప్పలస్వామి అడిగాడు. "వంటగది తలుపూ, కొట్టుగది తలుపూ ఒకే మూలకొత్తన్నాయి బాబూ. లోపలికి తెరుసుకుంటాయా, బైటికా?"

"లోపలికే."

ఆ తరవాత అత్తగారు వచ్చి చూసి, "తలుపు లోపలికొస్తే అది నిలబడాలా, నేను నిలబడాలా?" అన్నారు. సబబే! తిన్నగా సూరయ్య దగ్గరికి పోయి, రెండు తలుపులూ బైటికి తెరుచుకోవాలన్నాను. మేస్త్రీకి చెప్పడం మరిచిపోయాను. తలుపులు బిగించే రోజున సూరయ్య, "బాబూ, ఈ మూల సూసేరా..." అని నసిగాడు.

"గోడల సంగతి నీకెందుకు?" అని నోరు మూయించాను.

గృహప్రవేశం రానే వచ్చింది. పాలు పొంగాయి. బంధువులు విస్తళ్ల ముందు కూర్చున్నారు. వంటగదిలోంచి అత్తగారు పులిహోర గిన్నెతో తలుపు తోశారు. సరిగ్గా అప్పుడే కొట్టుగదిలోంచి మా ఆవిడ తోసింది. ధడేల్! ఒక ఒరలో రెండు కత్తులైనా ఇముడుతాయేమో గాని, ఒక మూలలో రెండు తలుపులు ఇమడవు. పొట్టేళ్లలా ఢీకొన్నాయి. ఒకదాని గొలుసు రెండోదాని కడియంలో దూరి బిగుసుకుంది. లాగితే రాదు, తోస్తే పోదు.

"ఏటల్లుడుగారూ ఇది?" సందులోంచి అత్తగారి గొంతు.

"చిన్న చిక్కండీ."

"సిన్నదేటి? పులిహోరంతా నా దగ్గరుండిపోయింది!"

"పెరుగు నా దగ్గరుంది," అంది మా ఆవిడ రెండో సందులోంచి.

విస్తళ్ల ముందు ఒకటే దగ్గులు. పంక్తి చివర కూర్చున్న మేస్త్రీ, వడ్రంగీ లేచి వచ్చారు.

"నువ్వు తలుపెత్తి పట్టు బావా, నేను బందులు ఊడదీత్తాను," అన్నాడు సూరయ్య. చిటికెలో తలుపు ఊడింది. అత్తగారు బయటపడ్డారు, పులిహోరతో సహా. వెనకే పెరుగుతో మా ఆవిడ.

నేను తెల్లబోయాను. "బావేమిటి? మీరిద్దరూ ఎరుగుదురా?"

"పక్కపక్క కొంపలే బాబూ. రోజూ సందేళ ఒకే అరుగు మీద కూకుంటాం," అన్నాడు అప్పలస్వామి.

"మరి ఈ తలుపుల సంగతి ఒక్కనాడూ అనుకోలేదా?"

"మీరే కదేటి వద్దన్నారు? పని మాటొచ్చిందంటే సాలు, ఒకడి నోరు ఒకడు మూసీసేవోళ్లం!"

పులిహోర ముద్ద చేతిలో ఉండగానే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మళ్లీ ఇల్లంటూ కడితే మేస్త్రీనీ, వడ్రంగినీ, వంట చేసే మనిషినీ ముందుగా ఒకే చాప మీద కూర్చోబెట్టి మాట్లాడుకోమంటాను. నేను మాత్రం ఆ చాప అంచు కూడా తొక్కను.