తార్‌బహార్‌లో అప్పలస్వామి గారి చైన్ పుల్లీ

బరువులెత్తే యంత్రాలను ఎక్కడ, ఎవరు తయారుచేశారో వెతుక్కుంటూ తిరగడం నాకున్న పిచ్చి. పోయిన నెల బిలాస్‌పూర్ నుంచి శారద గారని ఒకావిడ ఫోన్ చేశారు. ఆవిడ మామగారు, రైల్వేలో ఫిట్టరుగా రిటైరైన అప్పలస్వామి గారు, సొంతంగా చేసిన చైన్ పుల్లీ, అంటే గొలుసు లాగి బరువులెత్తేది, ఒకటి వరండాలో పడి ఉందట. "శనివారం తుక్కు కొనే కబాడీవాడు వస్తాడండి. బరువెత్తితే ఉంచుతాం, లేపోతే ఇచ్చీడమే," అన్నారు. నా ప్రాణం ఊరుకుంటుందా? శుక్రవారం సాయంత్రం విశాఖలో రైలెక్కాను. స్లీపర్‌కి నాలుగు వందల చిల్లర. పొద్దున్న తొమ్మిదిన్నరకి దిగి, ఇరవై రూపాయల షేర్ ఆటోలో వాళ్ళుండే తార్‌బహార్ పేటకి చేరాను.

అప్పలస్వామి గారికి ఎనభై రెండేళ్ళు. టీ తాగుతూ ఉత్సాహంగా కథ మొదలుపెట్టారు. అప్పట్లో రైల్వే షెడ్డులో ఇంజను భాగాలెత్తే పుల్లీలన్నీ విదేశాలవే. పాడైతే విడిభాగాలు దొరికేవి కావు. ఈయనతో కలిపి ముగ్గురు ఫిట్టర్లు డ్యూటీ అయ్యాక ఇక్కడే ఒక రేకుల షెడ్డులో పాతదాన్ని విప్పి, కొలతలు తీసి, పళ్ళచక్రాలు పోత పోయించి సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టారు. కరెంటుతో బరువులెత్తే హాయిస్టులు వచ్చేదాకా చుట్టుపక్కల గ్యారేజీలన్నీ వీళ్ళవే కొన్నాయట.

"మరి పరీక్ష ఎలా చేసేవారు తాతగారూ?"

"పరీచ్చేటమ్మా! చేసినోడే ముందల ఏలాడాలి. ఆడికే నమ్మకం లేపోతే ఇంకోడికెలా ఇస్తాం?"

ఆయన లోపలికి వెళ్ళగానే నేను తెలివి ప్రదర్శించాను. తుప్పు వదలాలని సందు దొరికిన చోటల్లా నూనె పోశాను. శారద గారూ నేనూ పుల్లీని వరండా దూలానికి, అంటే పాత రైలు పట్టాకి, తగిలించి సిమెంటు బస్తా ఎత్తాం. గొలుసు వదలగానే బస్తా జర్రున కిందికి వచ్చేసింది. కబాడీవాడు వచ్చాడేమోనని శారద గారు గేటు వైపు చూశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పలస్వామి గారు మూత విప్పి తల పట్టుకున్నారు. "బ్రేకు బిళ్ళలకి కూడా నూనె పోసీసినావేటి! అవి పొడిగా ఉంటేనే కదా బరువుని పట్టుకుంతాయి!"

పెట్రోలుతో కడిగి ఎండబెట్టేసరికి మధ్యాహ్నం రెండయింది. ఈసారి బస్తా కదల్లేదు. దాన్ని దించి, ఆయన పుల్లీ కొక్కేనికి తాళ్ళతో బిగించిన పీట మీద కూర్చున్నారు. వద్దన్నా వినలేదు. గొలుసు లాగాను. పెద్దాయన మూరెడు పైకి లేచారు. వదిలేశాను. బ్రేకు పట్టుకుంది. "అచ్ఛా!" అని గాల్లోనే చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే కబాడీవాడు గేటు తట్టాడు.

"నహీ దేనా, భయ్యా," అని అతణ్ణి పంపేసి, శారద గారు కొంగు బిగించారు. "మావయ్యా, ఇక దిగండి. ఇప్పుడు నేనెక్కుతాను."

పాత యంత్రాల గురించి ఎన్నో పుస్తకాలు చదివాను. కానీ తన చేతిపనికి తన ప్రాణాన్నే హామీగా పెట్టే మనిషిని చూడటం ఇదే మొదలు. నా సంతోషం ఇంతా అంతా కాదు. మీరూ ఇలాంటి చోటికి వెళ్తే ఒక్క సలహా: తిరుగు రైలు అదే రోజుకి పెట్టుకోకండి. ఆ పీట ఎక్కడానికి చివరి ఇంటి పిల్లల దాకా వీధంతా వరుస కట్టింది, నా వంతు వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది.