మా అన్నకు వయసు రాదంటారు

మా అన్నను నా కొడుకనుకున్న మొదటి మనిషి ఒక బస్సు కండక్టరు. అమ్మకు ఒంట్లో బాగాలేదంటే అన్నను నాలుగు రోజులు కుప్పంలో మా ఇంట్లో ఉంచుకుని, తిరిగి మదనపల్లెలో దింపడానికి తీసుకుపోతున్నాను. అన్న కిటికీ పక్కన కూర్చుని ఎదురొచ్చే లారీల నంబర్లు చదువుతున్నాడు. కండక్టరు టికెట్లు చింపుతూ, మీవాడు ఏం చదువుతున్నాడమ్మా అని మర్యాదగానే అడిగాడు. నాకప్పుడు ముప్పై అయిదు. అన్నకు నలభై. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. ఆ రోజు మదనపల్లెలో ఇంటికి చేరగానే కాళ్లు కూడా కడుక్కోకుండా అద్దం ముందు నిలబడ్డాను.

అంతకుముందు అందరూ తమ్ముడనే అనుకునేవాళ్లు. దానికి నేను ఏనాడో అలవాటు పడిపోయాను. నా పెళ్లిలో కూడా వచ్చినవాళ్లలో సగం మంది పెళ్లికూతురి తమ్ముడు బుద్ధిగా ఉన్నాడే అనుకుంటూ పోయారు. పుంగనూరులో మా అత్తగారింటి వాళ్లకు వాడు నాకు అన్న అని తెలుసు. తెలిసినా లాభం లేదు. మనం చెప్పినప్పుడు తల ఊపుతారు, వాడు ఎదురుగా వచ్చి నిలబడగానే మర్చిపోతారు. మా ఆయన కంటే వాడు రెండేళ్లు పెద్ద. వరసకు బావ. అయినా మా ఆయన నోటి నుంచి వచ్చేది ఎప్పుడూ "ఏరా, తిన్నావా?" అనే. ప్రేమగానే అంటాడు, అదే నా ఏడుపు. కోపంగా అని ఉంటే ఎప్పుడో పోట్లాడి మాన్పించి ఉండేదాన్ని.

అన్న ముఖాన ఒక్క గీత లేదు. నుదురు పలకలాగా ఉంటుంది. కళ్ల కింద నలుపు లేదు, బుగ్గ జారలేదు. నాకు చూస్తే కళ్లద్దాలు, మెట్లెక్కితే మోకాళ్ల నొప్పి, నెలకోసారి తలకు రంగు. మదనపల్లె టమాటా మండీలో అన్న ఇరవై ఏళ్లుగా కాయలు ఏరుతున్నాడు. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క, మచ్చ పడినవి ఇంకో పక్క. నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాళ్లు కూడా వాడిని చిన్నోడా అనే పిలుస్తారు. వీధిలో ఆడవాళ్లు మీ పిల్లోడికి ఏం పూస్తారని అమ్మను అడుగుతారు. సబ్బు తప్ప ఇంకేం లేదని అమ్మ చెప్పేది. చెబుతూ కొంచెం మురిసిపోయేది కూడా.

ఆటిజం అనే మాట మా ఇంటికి చాలా ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా వాడు మొండివాడు, అమాయకుడు, బంధువులకు మనసు మెత్తగా ఉన్న రోజున దేవుడి బిడ్డ. నాన్న పోయాక, వాడికి ముప్పై దాటాక, ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చుంటే ఆ మాట వినబడింది. ఆమె చెప్పినవన్నీ విన్నాక, చాలాకాలంగా నన్ను తొలుస్తున్న సంగతి అడిగేశాను. ఇలాంటివాళ్లు వయసుకంటే చిన్నగా కనబడతారా అని.

ఆమె నవ్వలేదు. చాలామంది తల్లులు ఇదే అడుగుతారని చెప్పింది. తనకూ కొందరిని చూస్తే అలాగే అనిపిస్తుందట, కానీ అది ఖాయమని చెప్పడానికి లేదట. కొందరి ముఖం మనలాగా మాటిమాటికీ ముడుచుకోదు, సాగదు. అందుకు గీతలు తక్కువ పడతాయేమో. లేదంటే వేసుకునే బట్టలు, నడక, మాట తీరు, పక్కన ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఉండటం, ఇవన్నీ కలిపి చూసేవాళ్లే వయసు తగ్గించి లెక్క వేసుకుంటారేమో. అందరూ అలా ఉండరని, ఈడుకు మించి కనబడేవాళ్లు కూడా తన దగ్గరికి వస్తారని చెప్పింది. చివర్లో అమ్మవైపు తిరిగి, "ఈయనకు గడ్డం ఎవరు గీస్తారు?" అని అడిగింది.

మా అన్నను ఒకరు ఈయన అనడం నేను వినడం అదే మొదలు. అమ్మ మాత్రం తల దించుకుంది. గడ్డం గీసేది అమ్మే. మీసం కూడా ఉంచదు. పైపెదవి మీద వెంట్రుక తగిలితే వాడికి చిరాకు, రుద్ది రుద్ది పుండు చేసుకుంటాడు. అది నిజమే. కానీ పొట్టి చేతుల గళ్ల చొక్కాలు, నూనె రాసి పక్కపాపిడి తీసి అణిచి దువ్విన తల, వీటికి కారణం ఏమిటని నేను అప్పుడు అడగలేదు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మదనపల్లె పోయేసరికి అమ్మ వాకిలి మెట్ల మీద కూర్చుని ఉంది. అన్న కింది మెట్టు మీద కూర్చుని అమ్మ మోకాళ్ల మధ్య తల వంచి పెట్టాడు. పేలు చూస్తోందేమో అనుకున్నాను. దగ్గరికి పోతే, కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటే వేళ్లకు చుట్టుకుని పీకుతోంది. వాడు కళ్లు మూసుకుని ఓర్చుకుంటున్నాడు.

 నలభై ఏళ్ల మనిషికి నాలుగు వెంట్రుకలు నెరిస్తే నీకొచ్చిన నష్టమేమిటని అరిచాను. వాడిని పెద్దవాడిగా ఒక్క రోజైనా బతకనివ్వవా అన్నాను. అమ్మ నా అరుపులు అయ్యేదాకా ఆగి, పుంగనూరు బస్టాండులో జరిగింది చెప్పింది.

అన్నకు ఒక అలవాటు ఉంది. వరసగా నిలబెట్టిన బండ్లు కనబడితే అద్దాలన్నీ ఒకే వైపుకు తిప్పుతాడు. ఒకటి వంకరగా ఉన్నా వాడికి అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. ఆ రోజు అమ్మ నీళ్ల సీసా కొనుక్కుని వచ్చేలోపు ఒకతను వచ్చి వాడి చొక్కా పట్టుకున్నాడు. దొంగతనానికి వచ్చాడనుకున్నాడు. చెయ్యి ఎత్తాడు కూడా. అంతలో వాడి ముఖం చూసి చెయ్యి దించేశాడు. పిలకాయను వదిలేసి ఎక్కడ తిరుగుతున్నావని అమ్మను నాలుగు తిట్టి పోయాడు. చిన్నోడప్పా, తెలీదప్పా అని అమ్మ దండం పెట్టింది. పక్కనే నిలబడి అన్న స్పష్టంగా చెప్పాడట, నాకు నలభై అని. వాడికి అబద్ధం రాదు, అడక్కపోయినా వయసు చెబుతాడు. అది విని అతను నవ్వుకుంటూ బండెక్కాడట.

అంతా చెప్పి అమ్మ నా ముఖంలోకి చూసింది.

"పిలకాయ అనుకుంటే ఊరుకుంటారు పాపా. పెద్దోడు అనుకుంటే కొడతారు."

 అయినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. నువ్వు చేసేది తప్పేనని గొణుక్కుంటూ లోపలికి పోయాను.

ఆ మరుసటి ఏడు, పెళ్లైన చాలా ఏళ్లకు, నాకు బిడ్డ పుట్టింది. బిడ్డను మొదటిసారి చూడడానికి వచ్చినప్పుడు అన్న వేళ్లు లెక్కపెట్టి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పి బయటికి పోయాడు. నాకైతే కడుపు నిండిపోయింది. ఏడాది దాటాక పుంగనూరులో చెవులు కుట్టించాలన్నారు. మాలో ఆ పనికి బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. నా బిడ్డకు మేనమామ ఒక్కడే.

మా అత్త మంచి మనిషే. కానీ ఆ మాట ఎత్తగానే ఇబ్బందిగా నవ్వింది. పిలకాయ ఒడిలో పిలకాయను కూర్చోబెడితే చూసేవాళ్లు ఏమనుకుంటారంది. మా చిన్నాన్న కొడుకును కూర్చోబెడదామంది. వాడికి ఇరవై ఎనిమిదేళ్లు. బొర్ర మీసం, పొట్ట, సగం బట్టతల. అన్న పక్కన నిలబడితే చూసినవాళ్లు వాడికే అన్నా అని దండం పెడతారు. నేను కుదరదన్నాను. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మా ఆయన ఎటూ చెప్పకుండా ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. మరీ బాధేమిటంటే అమ్మ కూడా మా అత్త వైపే మాట్లాడింది. కుక్కరు విజిలు వేస్తేనే వాడు చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెడతాడు, చంటిబిడ్డ ఒడిలో ఏడిస్తే ఎత్తి కింద పడేస్తే ఏం చేస్తావంది. ఆ భయం నాకు మాత్రం లేదా? రాత్రిళ్లు అదే కళ్ల ముందు కదిలేది. అయినా ఆ ఒక్క రోజన్నా వాడు అందరి ముందు నాకు అన్నగా కూర్చోవాలని పట్టుబట్టాను. చివరికి నా మాట చెల్లలేదు. చిన్నాన్న కొడుకుకే కొత్త పంచె ఇచ్చారు.

ఆ రోజు ఉదయం వాకిట్లో షామియానా వేశారు. అన్న చుట్టాల పిల్లలను పోగేసుకుని, గడప బయట విడిచిన చెప్పులను జతలు జతలుగా వరసలో పెడుతున్నాడు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల ఒకతి వాడికి జత చెప్పులు వెతికి వెతికి అందిస్తోంది. ఇద్దరూ మహా శ్రద్ధగా ఉన్నారు. చెవులు కుట్టే ఆచారి వచ్చి, పీట వేయించి, బంగారు తీగ సరి చేసుకుంటూ తల ఎత్తకుండానే అడిగాడు.

"మేనమామ ఎవురప్పా?"

"నేను," అన్నాడు అన్న.

వాడిని ఒకటి అడిగితే ఉన్నది చెబుతాడు, అంతే. చేతిలో ఉన్న చెప్పు కింద పెట్టి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, వచ్చి పీట మీద కూర్చున్నాడు. చిన్నాన్న కొడుకు కొత్త పంచెతో అలాగే నిలబడిపోయాడు. ఎవరో నవ్వారు. మా అత్త అన్నను లేపమని మా ఆయనకు సైగ చేసింది. ఆయన అన్నవైపు చూశాడు, నావైపు చూశాడు.

"ఉండనీమా. బావ కూసున్యాడు కదా," అన్నాడు.

నేను బిడ్డను తీసుకుపోయి అన్న ఒడిలో పెట్టాను. తల కదలకుండా పట్టుకోమని ఆచారి చెప్పాడు. అన్న రెండు అరచేతులతో పట్టుకున్నాడు. మొదటి చెవికి తీగ దిగగానే బిడ్డ కేకపెట్టింది, వీధి చివరిదాకా వినిపించే కేక. అన్న ఒళ్లంతా బిగుసుకుపోయింది. వాడి చేతులు చెవుల మీదికి పోవాలి. పోలేదు. రెండో చెవి కూడా అయ్యేదాకా ఆ తలను వదల్లేదు. పళ్లు బిగించాడు, నుదురు ముడిపడింది, కళ్ల పక్కన గీతలు లేచాయి, నోటి చివరలు జారాయి. నలభై రెండేళ్ల మగమనిషి ముఖం నాకు ఎదురుగా కనబడింది. అచ్చం మా నాన్న ముఖం. నేను ఏడ్చేశాను. బిడ్డ ఏడుస్తోందని తల్లి ఏడుస్తోంది అనుకున్నారు.

అయిపోయాక బిడ్డను నా చేతిలో పెట్టి వాడు మళ్లీ చెప్పుల దగ్గరికి పోయాడు. కానీ మా ఆయన బావ అనడం ఆడవాళ్ల చెవిన పడింది. బావ ఏమిటి, బామ్మర్ది కాదా అని ఒకామె అడిగింది. నాకంటే అయిదేళ్లు పెద్ద అని గర్వంగా చెప్పాను. నలభై రెండా అని ఇంకొకామె నోరు తెరిచింది. ఆ మాట ఆకుల ముందు కూర్చున్న బంతిలో ఆ చివరి నుంచి ఈ చివరికి పోయింది. ఎదురుచూసిన రోజు వచ్చిందని నా గుండె ఉప్పొంగింది. ఇప్పుడు అన్నా అని పిలుస్తారు, ముందు ఆయనకు వడ్డించమంటారు అనుకున్నాను.

చెప్పులు అందిస్తున్న ఆడపిల్ల తల్లి తింటున్నదల్లా లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే గడప దాకా పోయింది. కూతుర్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. ఆ పిల్ల తను ఏం తప్పు చేసిందో తెలియక బిక్కముఖం వేసింది. మిగతా పిల్లలను కూడా ఒకరి వెంట ఒకరిని పిలిచేశారు.  అంతవరకూ వాడి బుగ్గ గిల్లి పోతున్న ఒక పెద్దామె పైట సర్దుకుని వాడి పక్కగా పోకుండా చుట్టు తిరిగి పోయింది. అన్న ఒంటరిగా మిగిలిన చెప్పును చేత్తో పట్టుకుని, దీని జత ఎక్కడ ఉండాది అని గడపలోకి చూసి అడుగుతున్నాడు.  అమ్మ లేచి గడప దగ్గరికి పోయి వాడి పక్కన కూర్చుని జత వెతకసాగింది. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం వాళ్లిద్దరినీ మదనపల్లె బస్సు ఎక్కించడానికి పుంగనూరు బస్టాండుకు పోయాను. అమ్మ సిమెంటు అరుగు మీద సంచి పెట్టుకుని కూర్చుంది. ఈమధ్య ఆమెకు కళ్లకు పొరలు వచ్చి బస్సు బోర్డు కూడా నేనే చదివి చెప్పాలి. అన్న కాళ్లు ఆడిస్తూ ఎదురుగా నిలిపిన బండ్లను చూస్తున్నాడు. ఒక బండి అద్దం వంకరగా ఉంది. దాని పక్కనే ఇద్దరు మగవాళ్లు టీ తాగుతున్నారు. వాడు లేచాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మళ్లీ లేవబోయాడు.

వాలుతున్న ఎండ వాడి తల మీద పడింది. చెవి వెనక, అమ్మ చూపు ఇక అందని చోట, తెల్ల వెంట్రుక ఒకటి మెరిసింది. నేను చెయ్యి పెట్టగానే వాడు అమ్మకు వంచినట్టే నాకూ తల వంచి కళ్లు మూసుకున్నాడు.

ఒకటి కాదు, మూడు ఉన్నాయి. మూడూ పీకేశాను.