సోమవారం మందుకు వచ్చిన పంతులు గారు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆసుపత్రుల్లో ఇరవై ఏళ్ళు పనిచేసి, ఎన్నో శవాలను నా చేతులతో కోసినవాణ్ణి. ఒక్కటీ లేచి రాలేదు. ఈ ఒక్క సంగతే నాకు కొరుకుడు పడదు.

అప్పట్లో నిడదవోలు దగ్గర ఒక ఊళ్ళో, కాలువ గట్టున ఉన్న జిల్లా బోర్డు ఆసుపత్రికి నేనే డాక్టరుని. క్షయ రోగులు ఎక్కువవుతుంటే, మందు ఎలా పంచాలో పద్ధతి రాసి పంపమని బోర్డు వారు నన్నే అడిగారు. ఒకరికి మందుగా ఇచ్చిన చేపనూనె ఇంకొకరు తాగేస్తున్నారని నాకు కోపంగా ఉండేది. అందుకని, రోగి ప్రతి సోమవారం స్వయంగా వచ్చి పుస్తకంలో సంతకం పెట్టాలి, మూడు వారాలు రాకపోతే పేరు కొట్టెయ్యాలి అని రాశాను. వారు ఒప్పుకున్నారు.

యేసురత్నం పంతులు గారు మిషను బడిలో పాఠాలు చెప్పేవారు. మొదట్లో తప్పకుండా వచ్చేవారు. తర్వాత మూడు సోమవారాలు రాలేదు. పేరు కొట్టేశాను. ఆ శుక్రవారం ఆయన భార్య సుగుణమ్మ ఖాళీ సీసా పట్టుకుని వచ్చింది.

“ఆయన లేవలేకపోతున్నారండి. దణ్ణం పెడతాను, మందు నా చేతికిచ్చెయ్యండి.”

“మనిషి రావాలమ్మా. రూలు అది.”

ఆ రూలు రాసింది నేనేనని చెప్పలేదు. ఆవిడ కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయింది.

సోమవారం పదకొండు గంటలకి, మంచి ఎండలో, పంతులు గారే వచ్చారు. ఉతికిన పంచె, నల్ల కోటు. ఒక్క దగ్గు లేదు.

“రమ్మన్నారటండి,” అన్నారు.

మళ్ళీ పేరు రాశాను. సంతకం చేసి, మందు తీసుకుని గట్టు వెంట వెళ్ళారు. ఊడ్చే మంగమ్మ కూడా చూసింది. “పంతులు గారు తేరుకున్నారండి,” అంది. రూలు గట్టిగా ఉంటే మనుషులు వాళ్ళే లేచి వస్తారని నేను లోలోపల గర్వపడ్డాను కూడా.

సాయంత్రం అటు వెళ్తే ఆయన ఇంటి ముందు జనం. ఆదివారం ప్రార్థన వేళకే పోయారట. సోమవారం పొద్దున్నే సమాధి చేసేశారు. ఆసుపత్రికి తిరిగొచ్చి పుస్తకం తెరిచాను. సంతకం ఉంది. ఆయన గుండ్రని చేతిరాతే.

లేవలేనివాళ్ళకి మందు ఇంటికే పంపాలని ఆ వారమే బోర్డుకి రాశాను. దానికీ వెంటనే ఒప్పుకున్నారు. అంత తేలికని తెలిస్తే మొదటే రాసి ఉండేవాణ్ణి.

తర్వాత సుగుణమ్మ దగ్గరికి వెళ్ళి, రూలు నాదేనని, జరిగింది ఇదని చెప్పాను. భయపడుతుందనుకున్నాను.

“నడిచే వచ్చారాండి?”

“నడిచే వచ్చారమ్మా.”

“ఆయాసపడ్డారా?”

“లేదమ్మా.”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “అంతే చాలండి,” అంది.

ఆ రోజు వచ్చిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ నన్ను నాలుగు మాటలు తిట్టి ఉంటే బాగుండేది.