నా చేతి టీ, రూతు రక్తం

చెట్టు ఆకులోనూ కాయ తొక్కలోనూ మన మేలు దాచి ఉంచిన దేవునికి స్తోత్రం. ఓర్వలేని మనసుతో ఆయన ముందు మోకరించినా నన్ను తోసివేయనందుకు మరీ మరీ స్తోత్రం.

తొంభైల తొలి ఏళ్లు. విశాఖ నుంచి బస్తర్ అడవుల్లోకి పోయే కిరందుల్ రైలు మార్గంలో, ఇనుప ఖనిజం తవ్వే కొండల కింద ఒక టౌన్‌షిప్. అక్కడి ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. గర్భిణుల క్లినిక్ నా చేతిలో ఉండేది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన మావాళ్లు ప్రార్థనకు మా క్వార్టర్లోనే కూడేవారు. స్త్రీల సమాజానికి నేనే పెద్దను.

ఎదురుగా కొండంతా ఇనుమే అయినా, క్లినిక్‌కు వచ్చే ఆడవాళ్లలో చాలామందికి రక్తహీనత. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థం. అది తయారు కావడానికి ఇనుము కావాలి. అందుకే ఐరన్ మాత్రలు ఇచ్చేవాళ్లం. వాటి వాసనకే కడుపులో తిప్పి, సగం మంది పెరట్లో పారేసేవారు. నేనొక ఉపాయం చేశాను. మా సమాజంలోని గర్భిణులను తెల్లవారుజాము ప్రార్థనకు రమ్మని, ఆమెన్ అనగానే ఒక్కొక్కరి అరచేతిలో మాత్ర పెట్టి నా ఎదుటే మింగించేదాన్ని. వెనకే గ్లాసుడు చిక్కటి టీ. నా టీకి పేరుండేది. మాత్ర ఎవరూ పారేయడం లేదని నాకెంతో గర్వం.

అదే ఆసుపత్రిలో ముత్తమ్మ నాకన్నా జూనియర్. భేజ్జి అడవుల వైపు దొర్ల అనే గిరిజన తెగ పిల్ల. కూలీల గుడిసెల వైపు గర్భిణులను చూసేది. ఆమె దగ్గరి ఆడవాళ్ల రక్తం నెలనెలా పెరుగుతోంది, నావాళ్లది కదలడం లేదు. ఒకరోజు డాక్టరుగారు అందరి ముందూ, "సిస్టర్, ముత్తమ్మ ఎలా చేస్తోందో ఒకసారి అడిగి తెలుసుకోండి" అన్నారు. పదహారేళ్ల సర్వీసు నాది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ముత్తమ్మ దొంగ అంకెలు రాస్తోందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె పేషెంట్లలో ఇద్దరిని ఏదో వంకతో పిలిచి, రక్తం తీసి మళ్లీ పరీక్షించాను. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఇద్దరు తల్లులు బాగున్నారని తెలిసి నాకు సంతోషం కలగలేదు, నిరాశ కలిగింది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నావాళ్లలో రూతు ఒకతె. రైల్వే గ్యాంగ్‌మన్ భార్య. మొదటి కాన్పులో రక్తం పోయి తాను చావు తప్పించుకుంది గాని బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ఏడో నెల. పదకొండైనా ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడు దగ్గరే ఆగిపోయింది.

"నిజం చెప్పు. ఇంటికెళ్లి కక్కేస్తున్నావు కదూ?" అని గద్దించాను.

"ఒట్టు సిస్టరుగోరూ, మీ ఎదరే గదా మింగుతన్నాను! కక్కితే మా అత్త ఊరుకుంటాదేటండి? మీ టీ తాగినాక ఇంక మాత్ర పైకి రాదు."

ఒక తెల్లవారుజామున ముత్తమ్మ ఏదో రిజిస్టరు ఇవ్వడానికి మా వరండాలోకి వచ్చి నిలబడింది. ప్రార్థన అయ్యేదాకా ఆగింది. నేను టీ పోస్తుంటే చూసి, "ఏంది అక్కా, గోలీ మీదనే చాయ్ పోస్తున్నవ్? పోయినేడు ట్రైనింగ్‌ల వద్దన్నరు గదా. ఇద్దరం ఒక్క బెంచీ మీదనే కూసున్నం" అంది.

"ఆసుపత్రి చాలక మా ప్రార్థన కూడా నువ్వే నడుపుతావా?" అన్నాను. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

"నేనేడ నడుపుత అక్కా, నాకు పాటలే రావు" అని తనూ నవ్వి వెళ్లిపోయింది.

ఆమె మెట్లు దిగకముందే ఆ పాఠం నాకు గుర్తొచ్చింది. అయినా మర్నాడు మళ్లీ టీ కాచాను. మానేస్తే ముత్తమ్మ గెలిచినట్టే అనిపించింది. అలా ఎనిమిది రోజులు.

తొమ్మిదో రోజు డాక్టరుగారు రూతును విశాఖ పంపేయాలన్నారు. కాన్పులో రక్తం పోతే ఎక్కించే వీలు ఇక్కడ లేదు. నెలలు నిండుతున్న మనిషికి అన్ని సొరంగాల గుండా, రోజంతా పాసింజరు ప్రయాణం. రూతు నా కొంగు పట్టుకుని, "రైల్లోనే అయిపోతే ఏటండి? ఈ బిడ్డ కూడా పోద్దా?" అంది.

నేను తిన్నగా ముత్తమ్మ దగ్గరకు వెళ్లాను. ఆమె నిమ్మకాయలు కోస్తోంది.

"నీ పద్ధతి ఏంటో చెప్పు ముత్తమ్మా" అన్నాను.

"ఏమున్నది అక్కా. పరగడుపున గోలీ, నిమ్మకాయ నీళ్లు. చాయ్ అయినా, జావ అయినా రెండు గంటలు ఆగినంకనే."

అక్కణ్నుంచి డాక్టరుగారి దగ్గరకు వెళ్తే, ఆయన దానికి కారణం చెప్పారు. టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్ వల్ల. మొక్కలు తమను తాము కాపాడుకోవడానికి చేసుకునే పదార్థాలవి. పళ్లలో, గింజల పొట్టులో, రాగుల్లో కూడా ఉంటాయి. మామూలుగా మన ఒంటికి మేలు చేసేవే. కానీ టీలో, రాగిజావలో ఉండే రకం, ఇనుముతో కలిసి కడుపులో పడితే దాన్ని పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వదు. నిమ్మలోని విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది.

"అయితే టీ చెడ్డదాండీ?"

"మంచిదే సిస్టర్. మాత్రతో కలపకూడదు, అంతే."

రూతును విశాఖ పంపడానికి నెలరోజులు గడువు అడిగాను. వారం వారం పరీక్ష చేయించాలన్న షరతుతో ఒప్పుకున్నారు.

మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ చెప్పాను. "మాత్ర మీద టీ పోయడం నా పొరపాటు. ముత్తమ్మ చెప్పాక కూడా పోయడం పాపం. రూతూ, నన్ను క్షమించు." రూతే ముందు, "అయితే టీ మానీమంటారేటి సిస్టరుగోరూ?" అంది. గదంతా గొల్లున నవ్వింది. "పది గంటలకు రండి, పోస్తాను" అన్నాను.

గడువు ముగిసేసరికి రూతు రక్తం తొమ్మిది దగ్గరికి వచ్చింది, తరవాత దాటింది. ఇక ఇక్కడే కాన్పు చేయొచ్చని డాక్టరుగారు విశాఖ ప్రయాణం ఆపేశారు. ఒక మధ్యాహ్నం మా లేబర్ రూములోనే కాన్పు అయింది. ఆడపిల్ల. ముత్తమ్మ పక్కన నిలబడి సాయం చేసింది గాని, బిడ్డను అందుకున్నది నేను, బొడ్డు కోసింది నేను. తుడిచి చూపిస్తే రూతు కళ్లు తెరిచి, "ముత్తమ్మకివ్వండి. ముందు ఆవిడ ఎత్తుకోవాల" అంది.

గుండెలో మళ్లీ అదే మంట. ఒక్క క్షణం బిడ్డను నా చేతుల్లోనే ఉంచుకున్నాను. తరవాత ఇచ్చాను.

ఏది తినాలన్నది ఎంత ముఖ్యమో, దేనితో కలిపి తినకూడదన్నదీ అంతే ముఖ్యమని ఈ కేసు నాకు నేర్పింది. పక్కవాళ్ల మేలు చూసి మండే మనసు ఎదుటి మనిషి ప్రాణాన్ని కూడా పందెం పెడుతుందని నేర్పింది. ఆ మనసు నాలో పూర్తిగా చచ్చిపోయిందని చెప్పలేను. అందుకే చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతో తల వంచండి. తండ్రీ, నాకన్నా తెలిసినవాళ్లను నా పక్కనే ఉంచు, వాళ్లు చెబితే వినే చెవినివ్వు. ఆమెన్ అనండి.