భానూ బానూ ఒకరు కాదన్న అక్క

మొన్న మంగళవారం పొద్దున తిరుత్తణి నుంచి బావ ఫోన్ చేశాడు. "మీ అక్క పోయిందిరా," అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఆ మనిషి నిద్రలో పోవడమేమిటి? అన్నం కూడా నిలబడే తినేది. ఫోన్ మోగితే చాలు, చెప్పులు వేసుకుని వీధిలో పడి నడుస్తూ మాట్లాడేది.

ఆమె మా పెద్దమ్మ కూతురు. తిరువళ్లూరులో ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే ఓ చిన్న కంపెనీలో పనిచేసేది. నన్ను ఈ పనిలోకి లాగింది కూడా ఆమే. నేను అంగళ్లలో బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ రాస్తాను. "నీ పని సులభం రా," అంటే నాకు రోషం వచ్చేది.

"సులభమా? నువ్వొచ్చి రాయి చూద్దాం!"

"కోప్పడొద్దు. నీ దాంట్లో తప్పొస్తే కొనేటోడు ఆడనే నిలబడి అరుస్తాడు, నువ్వు సరిచేస్తావు. నా దాంట్లో తప్పొస్తే ఎవురూ అరవరు. తప్పని ఎవురికీ తెలీదు. అదిరా కష్టం."

తిరుత్తణిలోని ఒక ఆస్పత్రిలో ఏళ్ల తరబడి పేరుకున్న రోగుల వివరాలను ఒకచోట చేర్చే పని ఆమెకు అప్పగించారు. వినడానికి చిన్న పనే. మా పెద్దమ్మ సంగతే చూడండి. రేషన్ కార్డులో గోవిందమ్మ. ఆధార్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కోవిందమ్మాళ్. కంప్యూటర్ లెక్కలో ఇద్దరు మనుషులు. చక్కెర జబ్బు ఒకరిది, కంటి ఆపరేషన్ ఇంకొకరిది. అందుకని దగ్గర దగ్గరగా ఉన్న పేర్లను కంప్యూటరే కలిపేసేలా రాశారు.

రేపు మొదలుపెడతారనగా అక్క పాత వివరాలతో ఆఖరిసారి పరీక్షించింది. పళ్లిపట్టు వైపు నుంచి వచ్చే భాను, తిరుత్తణిలోనే ఉండే బాను ఒక్క మనిషైపోయారు. అక్కడ చీటీలు తమిళంలో రాస్తారు, తమిళంలో భకూ బకూ ఒకటే అక్షరం. ఇద్దరికీ ఇంటిపేరు లేదు, పేరు ముందు తండ్రి పేరుకు గుర్తుగా 'ఎస్' అన్న అక్షరం ఒక్కటే. వయసు కూడా అటూ ఇటూగా అంతే. వాళ్లలో ఒకామెకు ఒక ఇంజెక్షన్ అసలు పడదు. ఆ హెచ్చరిక రెండో ఆమె వివరాల కింద ఎక్కడో మరుగున పడిపోయింది.

అక్క పని ఆపేయమంది. మేనేజరు నచ్చజెప్పబోయాడు. "అన్ని వేల మందిలో ఎవరో ఒకరమ్మా. తర్వాత చూసుకుందాం."

"ఆ ఒకరు ఎవురో, యాడుండారో చెప్పండి సార్. ఇప్పుడే పోయి జాగ్రత్తగా ఉండమని చెప్పొస్తాను."

పని ఆగింది. ఆస్పత్రి వాళ్లకు కోపం వచ్చింది, ఆ కోపం అక్క మీదికే మళ్లింది. ఆమె మాత్రం పొద్దున్నే పోయి ఆ ఆస్పత్రి చీటీల కౌంటర్ పక్కన నిలబడేది. చీటీ రాసే అమ్మాయి రోగిని ఏమడుగుతుందో, రోగి ఏం చెబుతాడో వినేది. చివరకు సందేహం వచ్చినచోట కంప్యూటర్ తనంతట తాను కలపకుండా ఆగి, ఇద్దరి వివరాలూ పక్కపక్కన చూపించి, ఎవరో తేల్చమని ఆ అమ్మాయినే అడిగేలా మార్చింది. దాంతో వరస నెమ్మదించింది. జనం గొణిగారు. ఆ తర్వాతి పెద్ద పని కంపెనీ ఆమెకు ఇవ్వలేదు.

"బాధగా లేదా అక్కా?" అని అడిగాను.

"ఉంది. లేకుండా ఎట్లుంటాది?" అంది. వెంటనే, "ఒరే, కవలపిల్లలొస్తే ఆ కంప్యూటర్ ఏం చేస్తాదో చూడలేదు రా!" అంటూ ఫోన్ పెట్టేసింది.

ఆమె పోయినప్పటి నుంచి నాకూ కుదురు లేదు. ఎప్పుడో అయిపోయిందనుకున్న పనులన్నీ తెరిచి చూస్తున్నాను. అరవని తప్పు ఏదైనా మిగిలిందేమోనని వెతుకుతున్నాను. దొరికితే చెప్పుకోవడానికి మనిషి లేదు.

ఆమెను చివరిసారి చూసింది పోయిన నెలలో. నేనెక్కిన రైలు తిరువళ్లూరులో ఆగదు, నెమ్మదించి దాటిపోతుంది. వాన పడుతోంది. ప్లాట్‌ఫారం మీద జనమంతా రేకుల కింద ఒదిగి ఉన్నారు. అక్క ఒక్కతే పైట తల మీదికి లాక్కుని, రేకులు లేని చివరిదాకా గబగబా నడిచిపోతోంది. చెవి దగ్గర ఫోన్, పెదవులు కదులుతున్నాయి. తలుపు దగ్గర నిలబడి "అక్కా!" అని కేకేశాను. రైలు చప్పుడులో వినపడలేదు. తడిసిన ప్లాట్‌ఫారం చివర గిర్రున వెనక్కి తిరిగి, మళ్లీ నడక మొదలుపెట్టింది.