అర మిల్లీగ్రాము

మా ముత్తాత వెంకటాద్రిగారు దివిసీమలో నాలుగూళ్ళకు తీర్పు చెప్పారు. తాత సుబ్బరాయుడుగారి ఎదుట ఎవరూ చెప్పులతో నడిచేవారు కాదు. వారి వారసుణ్ణయిన నేను ఇప్పుడు ఉబ్బసానికి రోజూ ఉదయం ప్రెడ్నిసలోన్ మాత్ర వేసుకుంటున్నాను. నాలుకకి ఆ చేదు తగిలినప్పుడల్లా బందరు డాక్టరు రూతమ్మగారు గుర్తొస్తారు. ఒక్కసారి చూడాలనిపిస్తుంది.

అరవయ్యో దశకం మొదట్లో మా అమ్మ కీళ్ళవాతానికి ఆవిడ ఇదే మందు ఇచ్చేవారు, రోజుకి ఐదు మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. వేళ్ళు ముడుచుకుపోయిన అమ్మ మళ్ళీ తన జడ తానే వేసుకుంది. కానీ రూతమ్మగారి తండ్రి మా పొలాల్లో నాట్లు వేసిన మనిషి. ఆవిడ ముందు నిలబడి నాకిది తెలియదని అడగడానికి నాకు మనసొప్పేది కాదు.

ఒకసారి ఆ మందు ఎక్కడా దొరకలేదు. ఆవిడ బదులుగా డెక్సామెతసోన్ ఇచ్చి, "రోజుకి ఒకటిన్నర వేయండి" అన్నారు. ఇంటికొచ్చి సీసా చూస్తే మాత్ర అర మిల్లీగ్రామే. మాది చితికిపోయిన ఇల్లని తగ్గించి ఇచ్చిందనుకున్నాను. ఐదుకి సరిపోవాలని రోజుకి పది చొప్పున వేశాను.

"పదా? నేనేమన్నా ఏనుగునట్రా?" అని అమ్మ నవ్వింది.

మూడో రోజుకి ఆ నవ్వు ఆగడం లేదు. నిద్ర లేదు. ఎప్పుడో పోయిన నాన్నతో మాట్లాడుతోంది. కాళ్ళు వాచాయి. బందరు తీసుకెళ్ళాను. రూతమ్మగారు దాదాపు ఖాళీ అయిన సీసా ఎత్తి చూసి, నా వైపు చూశారు.

"డాక్టరుగారూ, అమ్మ బతుకుతుందా?" అన్నాను. ఆవిణ్ణి అలా పిలవడం అదే మొదలు.

"బతుకుతారు. మీరు తూకం చూశారు బాబుగారూ, బలం చూడలేదు. ఇది దానికి ఆరేడు రెట్లు. ప్రెడ్నిసలోన్ పొలానికి వంతులవారీగా వదిలే నీరులాంటిది, పొద్దున పెడితే మర్నాటికి ఇంకుతుంది. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి అదే మేలు. ఇదేమో రెండు రోజులు మడిలో నిలబడిపోతుంది. మెదడు వాచినప్పుడో, ప్రాణం మీదికొచ్చినప్పుడో వాడతాం. నన్నడిగితే చెప్పేదాన్నిగా?"

వారం రోజులు దగ్గరుంచుకుని అమ్మను బాగుచేశారు. ఏమైందని అమ్మ అడిగితే, "మందు పడలేదండీ" అన్నారు. నా పరువు ఆవిడ కాపాడారు.

తరవాత ఎన్నోసార్లు కలిశాను గానీ తప్పయిందని మాత్రం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుదామంటే ఆవిడ లేరు. తెలియనిదాన్ని అడగడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఏ మాత్ర ఇచ్చినా రెండుసార్లు అడిగి గాని ఇంటికి రాను.

అమ్మకి అలా అయిన యేడే మా ఇంట్లో మిగిలిన గుర్రబ్బండీ అమ్మేశాం. ఆ తరవాత అమ్మ మందుకి బందరు అందరితో పాటు బస్సులో వెళ్ళేవాణ్ణి.