ఒడ్డుకొచ్చిన పడవ

మా యోగా టీచరుగారు పోయారని బాపట్ల నుంచి ఫోను వచ్చేసరికి, తెనాలిలో మా మేడమీద ఉదయం క్లాసు చివరికొచ్చింది. అందరూ వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నారు. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్ళి మాట్లాడాను. "తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారండి" అంది ఆవిడ కోడలు. వస్తున్నానమ్మా అని చెప్పి వెనక్కి తిరిగితే, ఎవరూ కదల్లేదు. లేపడానికి నాకు నోరు రాలేదు. పడుకున్నవాళ్ళని లేపకూడదని నాకు నేర్పింది ఆవిడే. ఎండ వాళ్ళ మొహాల మీదికి వచ్చి, వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా నిలబడే ఉన్నాను.

మాది రేపల్లె. బాపట్లలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో, నడుంనొప్పికని పిన్ని యోగాలో చేరుతుంటే తోడుగా వెళ్ళాను. పిన్ని నెల తిరక్కుండా మానేసింది. నేను ఉండిపోయాను. టీచరుగారి పుట్టిల్లు పేరాలలో మగ్గాల ఇల్లు. అక్కడికి వెళ్ళొచ్చినప్పుడల్లా ఒక కట్ట తువ్వాళ్ళు తెచ్చేవారు. ఆసనాలయ్యాక మేము పడుకుంటే, అడుగుల చప్పుడు కూడా లేకుండా వచ్చి ఒక్కొక్కరి పాదాల మీదా ఒక తువ్వాలు కప్పేవారు. "పాదాలు చల్లబడితే మనసు లేచి కూర్చుంటుందమ్మా" అనేవారు. కొత్త తువ్వాలు గంజివాసన వేసేది. ఎవరైనా గురకపెడితే మాకు నవ్వాగేది కాదు. "పోనివ్వండి, అదీ ఒక ప్రాణాయామమే" అనేవారు, ఆవిడ మాత్రం నవ్వకుండా.

ఆదివారాలు సూర్యలంక తీసుకెళ్ళేవారు. సరుగుడు చెట్ల కింద, అక్కడి పల్లెకారుల ఆడవాళ్ళకి క్లాసు. ఓసారి ఆవిడ శవాసనం అన్నారో లేదో, ఒకామె లేచి కొంగుకంటిన ఇసక దులుపుకుంది.

"మా ఆయన వేటకెళ్ళాడమ్మా. ఆయన సముద్రం మీదుంటే నేను శవంలాగా పడుకోను. ఏమీ అనుకోవద్దు."

మిగతావాళ్ళూ లేచారు. వాళ్ళ మొగుళ్ళూ సముద్రం మీదే ఉన్నారు. పేరులో ఏముందని టీచరుగారు నచ్చజెబుతారనుకున్నాను. ఆవిడ కాసేపు ఒడ్డువైపు చూశారు. అక్కడ ఇసకలోకి లాగిన పడవ ఒకటి, పక్కకి ఒరిగి ఉంది.

"నిజమే తల్లీ, నాకు తట్టలేదు. మరి అదుగో, ఆ పడవలాగా పడుకుంటారా?"

ఆమె పడవని చూసింది. పడుకుంది. ఆ తరవాత టీచరుగారి నోట శవాసనం అనే మాట నేను మళ్ళీ వినలేదు, బాపట్లలో కూడా. "పడవ ఒడ్డుకొచ్చింది. తెడ్డు వదిలేయండి. ఇంక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అనేవారు. కొన్ని ఆదివారాలు ఆ మాటలు చెప్పే పని మాలో ఎవరికో అప్పగించి, తనూ ఆడవాళ్ళ మధ్య పడుకునేవారు. సగం నిద్రలో వినబడేది అలల చప్పుడో, సరుగుడు ఆకుల చప్పుడో, పక్కవాళ్ళ ఊపిరో నాకు తెలిసేది కాదు. తెలుసుకోవాలనీ ఉండేది కాదు.

పెళ్ళయి తెనాలి వచ్చాక నేనూ క్లాసు మొదలుపెట్టాను. ఒక కట్ట తువ్వాళ్ళు ఆవిడే ఇచ్చి పంపారు. ఫోను చేస్తే ముందు ఒకటే అడిగేవారు.

"నీ సాధన ఎలా ఉందమ్మా?"

"జనం పెరిగారండి. సాయంత్రం బ్యాచ్ కూడా పెట్టాను."

"క్లాసు కాదు నేనడిగింది. నువ్వు పడుకుంటున్నావా?"

పడుకోవడం లేదు. నేర్పడంలో పడి నా సాధన ఎక్కడో జారిపోయింది. అందర్నీ ఊపిరి వదలమని చెబుతూ, ఎవరి మోకాలు వంకరగా ఉందోనని నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఆవిడ మాటలే చెబుతున్నా, స్టాపుల పేర్లు చెప్పే కండక్టరులా ఉండేది నా గొంతు. ఈమధ్య క్లాసు మూసేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. పోయిన నెల ఆ మాట ఆవిడతో అనేశాను.

"అందర్నీ ఒడ్డుకి చేరుస్తున్నావు. నువ్వెప్పుడొస్తావు?" అన్నారు.

"వీలు చూసుకుని బాపట్ల వస్తానండి. మీరే పడుకోబెట్టాలి."

"నేనే ఎందుకూ? నీ క్లాసులోవాళ్ళు లేరూ?"

ఫోను వచ్చిన రోజు నేను బాపట్ల వెళ్ళేసరికి ఆవిడని వరండాలో పడుకోబెట్టి ఉంచారు. దుప్పటి పొట్టిదై పాదాలు బయటికున్నాయి. కోడలు, నేను అడక్కుండానే, లోపల్నుంచి ఒక తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చింది. కప్పాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. సూర్యలంక నుంచి ఆటోలో ఆడవాళ్ళు దిగారు. ఆరోజు పడుకోనన్న ఆమె దగ్గరగా కూర్చుని, ఆవిడ చెవిలో చెప్పింది: "ఒడ్డుకొచ్చేశావమ్మా. ఇంక తెడ్డు వదిలెయ్."

మళ్ళీ క్లాసు తెరిచిన రోజు ఆసనాలు ఎలాగో గడిచాయి. అందరూ పడుకున్నాక పాదాలకి తువ్వాళ్ళు కప్పాను గానీ, పడవ అనబోయి ఆగిపోయాను. ముందువరసలో పడుకునే ఆమె బట్టలు కుడుతుంది, మా వీధే. ఆమెని పిలిచాను.

"అక్కా, ఇవాళ మీరు చెప్పండి."

"నేనా? నాకేం వచ్చండీ?"

"రోజూ వింటున్నారుగా."

ఆమె లేచిన చోట నేను పడుకున్నాను. ఆమె గొంతు సవరించుకుంది. "పడవ ఒడ్డుకొచ్చిందండి. తెడ్డు వదిలేయండి. పాలు పొంగుతాయేమో, మోటరు కట్టేశామో లేదో, అవేవీ అనుకోకండి. ఇంక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదండి." ఎవరో కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కళ్ళ చివర్లనుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోలేదు. రైలేదో స్టేషను దాటుతున్న చప్పుడు, మెల్లగా సరుగుడు చెట్ల చప్పుడైపోయింది. ఇసక వెచ్చగా ఉంది. పక్కకి ఒరిగిన పడవ ఒకటి కనిపించింది.

అడుగుల చప్పుడేమీ వినబడలేదు. నా పాదాల మీద తువ్వాలు పడింది. ఎవరు కప్పారో కళ్ళు తెరిచి చూడలేదు.